తల్లుల వైద్యురాలు డాక్టరు కుగ్లర్

కానుపు స్త్రీకి మరుజన్మమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట తరతరముల భయమునుండి పుట్టినది. నూరు, నూటయేబది సంవత్సరములకు పూర్వము కృష్ణాతీర గ్రామములలో తొలిచూలు ఆడుబిడ్డను పుట్టినింటికి తోడి తెచ్చుకొన్న నాటినుండియే తల్లి గుండెలలో దిగులు మొదలయ్యెడిది. ఇంటి వెనుక చీకటిగదిలో, గాలి చొరనీయక తలుపులు బిగించి, పాతగుడ్డలు పరచి, నిప్పుల కుంపటి పెట్టి పురుడు పోయుచుండిరి. సుఖప్రసవమైనచో మంత్రసానికి చీరెయు, చేటెడు బియ్యమును ముట్టెడివి. కానుపు కష్టమైనచో మ్రొక్కుబడులే తప్ప వేరు దిక్కు లేకుండెను. అట్టి కాలమున సముద్రముల ఆవలినుండి వచ్చి, తెలుగునాట తల్లుల సేవలో నలువదియేడు సంవత్సరములు గడపి, గుంటూరులోనే కన్నుమూసిన వైద్యురాలు డాక్టరు అన్నా సారా కుగ్లర్.

ఆమె సేవ విలువ తెలియవలెనన్న, ఆ నాటి తల్లుల కష్టమేదో ముందుగ తెలిసికొనవలెను. ప్రసవమున చనిపోయినవారిని తలచి లోకము కన్నీరు పెట్టును. చావు తప్పి గాయముతో మిగిలినవారిని గూర్చి ఎవరును నోరు విప్పరు. కాపురమునకు వచ్చిన పదుమూడు, పదునాలుగేండ్ల పిల్లకు కటియెముకలు పూర్తిగ ఎదిగి యుండవు. బిడ్డ తల ఆ యెముకల మధ్య చిక్కుకొని రెండు మూడు దినములు కదలకున్నచో, తలకును ఎముకకును నడుమ నలిగిన కండకు రక్తము ప్రసరింపదు. ఆ కండ చచ్చి, కొన్ని దినములకు ఊడిపోయి, మూత్రాశయమునకు రంధ్రము పడును. అటుపిమ్మట ఆమెకు మూత్రము రేయింబవళ్లు ఆపుకొన శక్యము గాక కారుచుండును. ఒక్కొక్కప్పుడు మలాశయమునకు గూడ ఇట్టి రంధ్రమే పడును. వైద్యులు దీనిని ఫిస్ట్యులా అందురు.

ఇట్టి కానుపులో బిడ్డ చాలవరకు దక్కదు. బిడ్డ పోయి, ఒడలు చెడి, ఆ పిల్ల బ్రతికియుండియు లోకమునకు దూరమగును. భర్త దగ్గరకు రాడు. గుడికి పోరాదు, పేరంటమునకు పోరాదు, నూతిగట్టున పదిమందిలో నిలువరాదు. ఎన్నిమారులు స్నానము చేసినను దుర్వాసన పోదు. చూచినవారు పూర్వజన్మ పాపమందురు. అది పాపము కాదు, శాపము కాదు. వేళకు సహాయమందకపోవుటచేత కలిగిన గాయము. ఇదిగాక, వేళకాకముందే ముక్కించుటచేతను, కడుపు అదిమి బలవంతముగ బిడ్డను దింపుటచేతను కలుగు చీలికలును, గర్భాశయము జారుటయు, శుభ్రముకాని చేతులవలన వచ్చు సూతికాజ్వరమును ఎందరో తల్లులను కృశింపజేసెడివి.

ఈ దోషమంతయు మంత్రసానులమీద మోపుట న్యాయము కాదు. ఊరిలో సగముమందికి బొడ్డు కోసినది వారే. సహజముగ జరుగు కానుపులో వారి ఓర్పునకును, చేతివాటమునకును లోటు లేదు. అయితే బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, తల ఇరుకున పడినప్పుడు, చేయదగినదేదో వారికి నేర్పినవారు లేరు. పంపదగిన చోటును లేదు. నేర్పువారును, పంపదగిన చోటును లేకపోవుటయే ఆ నాటి అసలు రోగము. డాక్టరు కుగ్లర్ జీవితమంతయు ఆ రోగమునకు మందు వెదకుటలోనే గడచెను.

ఆమె 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఫిలడెల్ఫియా నగర సమీపమందలి ఆర్డ్‌మోర్ గ్రామములో జన్మించెను. స్త్రీలు వైద్యము నేర్చుట అమెరికాలో సైతము వింతగ తోచెడి కాలమది. పురుషుల కళాశాలలు వారిని చేర్చుకొనుటకు వెనుదీయుటచేత, 1850లో ఫిలడెల్ఫియాలో స్త్రీలకే ఒక వైద్యకళాశాల నెలకొల్పబడెను. కుగ్లర్ అందు చదివి 1879లో పట్టము పొందెను. ఆమె చదువుకొన్న కాలమే వైద్యశాస్త్రము కొత్తదారి త్రొక్కిన కాలము. వైద్యుని చేతుల మురికివలననే బాలింతలకు జ్వరము తగులుచున్నదని వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లోనే కనుగొనెను గాని, తోడివైద్యులు చాలమంది ఆయనను నమ్మలేదు. తరువాత ఇంగ్లండు దేశపు లిస్టరు శస్త్రచికిత్సలో గాయములు చీము పట్టకుండ కాపాడు పద్ధతిని కనిపెట్టి, 1876లో ఫిలడెల్ఫియాకే వచ్చి వైద్యుల సభలో దానిని వివరించెను. చేతులు కడుగుకొనుట ప్రాణములు నిలుపునన్న సత్యము క్రమముగ స్థిరపడుచుండిన దినములలో కుగ్లర్ వైద్యురాలయ్యెను.

ఆ కళాశాలతో భారతదేశమునకు వేరొక సంబంధము గూడ కలదు. మహారాష్ట్ర వనిత ఆనందీబాయి జోషి 1886లో పట్టము పొందినది అక్కడనే. ఆమెకు తొమ్మిదవ యేట వివాహమయ్యెను. పదునాలుగవ యేట కన్న కుమారుడు తగిన వైద్యము లేక పది దినములలోనే చనిపోయెను. ఆ దుఃఖమే ఆమెను వైద్యవిద్యకు పురికొల్పెను. పట్టము పొందిన మరుసటి సంవత్సరమే, ఇరువది రెండేండ్లయినను నిండకుండ, ఆమె క్షయవ్యాధితో మరణించెను. అమెరికా వనిత మన దేశమునకు వచ్చుటకును, మన దేశపు వనిత అమెరికాకు పోవుటకును తల్లుల కష్టమే కారణమయ్యెను.

పట్టము పొందిన పిదప కుగ్లర్ నారిస్‌టౌను ఆస్పత్రిలో స్త్రీల విభాగమున సహాయవైద్యురాలిగా రెండు సంవత్సరములు పనిచేసెను. ఆ సమయముననే గుంటూరునందు పనిచేయుచుండిన మిషనరీ ఆడం రో నుండి ఆమెకొక లేఖ అందెను. అచటి స్త్రీలకు వైద్యురాలు అత్యవసరమని దాని సారాంశము. గుంటూరులో లూథరన్ మిషను 1842లో హెయ్యరు అను పాదరీచే ప్రారంభింపబడినది. పాఠశాలలును ప్రార్థనాలయములును వెలసెను గాని, స్త్రీలకు వైద్యము లేకుండెను. కుగ్లర్ పోవుటకు సిద్ధపడెను. కాని ఆమెను పంపవలసిన సంఘము వైద్యసేవ ప్రారంభించుటకు అప్పటికింకను సిద్ధపడలేదు. ఇండ్లకు పోయి స్త్రీలకు బోధించుటకును, బాలికల చదువు చూచుటకును మాత్రమే ఆమెను పంపెదమనిరి. చదివిన విద్య ఒకటి, అప్పగించిన పని వేరొకటి. మరియొకరైనచో అలిగి ఇంటనే నిలిచియుందురు. ఆమె ఆ షరతునకు తలయొగ్గి, వైద్యపు పరికరములు వెంటబెట్టుకొని 1883 ఆగస్టులో ఓడ యెక్కెను. ఆ సంవత్సరము నవంబరు నెలలో గుంటూరు చేరెను.

గుంటూరు ఆ దినములలో వేరు జిల్లా కాదు. 1859 మొదలు 1904 వరకు అది మచిలీపట్నము ముఖ్యపట్టణముగ గల కృష్ణా జిల్లాలోనే చేరియుండెను. కావున ఆమె వచ్చినది మన జిల్లాకే యనవచ్చును. ఆమె వచ్చునాటికి గుంటూరునకు రైలు లేదు. బెజవాడ యొద్ద కృష్ణపై రైలువంతెన 1893లోగాని తెరువబడలేదు. బందరునకు రైలు 1908లో వచ్చెను. అంతవరకు కాలువలపై పడవలును, ఎద్దుబండ్లును, మేనాలునే శరణ్యము. దివిసీమవారికి ఏటిపాయ దాటనిదే ఏ పట్టణమును లేదు. వరదదినములలో నొప్పులు పడుచున్న స్త్రీని పడవ యెక్కించుట ఎంతటి సాహసమో ఈ ప్రాంతపు వృద్ధులకు వేరుగ చెప్పనక్కరలేదు.

దారి దూరమొక్కటియే కాదు; మనసుల దూరము అంతకంటె మిక్కుటముగ నుండెను. ఆమె విదేశీయురాలు, అన్యమతస్థురాలు. తాకిన మైలయని అగ్రవర్ణముల ఇండ్లలో జంకెడివారు. ఆమె చేతిమీదుగ వచ్చిన మందు మ్రింగుటకు సందేహించెడివారు. గోషా ఇండ్లలోని ముసల్మాను స్త్రీలు పరపురుషునకు నాడి చూపరాదు. పరదేశపు స్త్రీని నమ్మవలెనన్న భయము. పురుషవైద్యుడున్నను లోనికి రాలేడు, స్త్రీవైద్యురాలు వచ్చినను తాకరాదు. ఈ రెంటి నడుమ తల్లి ప్రాణము కొట్టుమిట్టాడెడిది.

ఈ చిక్కు గుంటూరునకు మాత్రమే పరిమితమైనది కాదు. చెన్నపట్నములో ఒక న్యాయవాది భార్యయైన మేరీ షార్లీబు, కానుపులలో దేశస్త్రీలు పడెడి యాతన వినలేక, 1875లో మద్రాసు వైద్యకళాశాలలో చేరి చదివి, పిదప అచట గోషా స్త్రీలకు ప్రత్యేకముగ ఆస్పత్రి నెలకొల్పుటకు కారకురాలయ్యెను. రాజప్రతినిధి పత్ని డఫరిన్ ప్రభ్వి స్త్రీలకు స్త్రీలచేతనే వైద్యము చేయించుటకై 1885లో ఒక నిధిని ఏర్పరచెను. అయితే ఇవన్నియు పెద్దపట్టణములలోని యత్నములు. కృష్ణాతీరపు పల్లెలకు వాని నీడ సోకుటకు చిరకాలము పట్టెను.

కుగ్లర్ వాదములకు దిగలేదు. పిలిచిన ఇంటికి పోయెను, పిలువని ఇంటి ముందు వేచియుండెను. తెలుగు నేర్చెను. బోధించుటకు నియమింపబడిన ఆమె, మిగిలిన వేళలలో మందులపెట్టె చేతబట్టి వీధుల వెంట నడచెను. ఆ మొదటి సంవత్సరముననే 276 మంది రోగులను వారి ఇండ్లలోను, 185 మందిని తాను నివసించుచున్న బసలోను చూచెను. ఆస్పత్రి లేదు, దాది లేదు, వైద్యురాలను అధికారపు పేరు సైతము లేదు. అయినను పని సాగెను. పనియే సాక్ష్యమైనప్పుడు సంఘమువారును కాదనలేకపోయిరి. 1885 డిసెంబరులో ఆమెను వైద్యసేవకురాలిగా నియమించిరి. రెండేండ్లు ఓపికతో మోసిన బాధ్యతకు అప్పుడు పేరు దొరకెను.

ఇంటింటికి తిరిగిన అనుభవము ఆమెకొక సంగతి నేర్పియుండును. రెండు దినములు నొప్పులు పడిన పిదప పిలుపు వచ్చినచో, ఎంతటి వైద్యురాలికైనను చేయగలది స్వల్పము. గాయము అప్పటికే అయియుండును. తల్లిని ముందుగనే చేర్చుకొని కనిపెట్టియుండుటకు మంచము కావలెను. వెలుతురు గల గది కావలెను. మరిగించిన నీళ్లు, శుభ్రమైన గుడ్డలు, నేర్పుగల దాదులు కావలెను. ఇవన్నియు కలిసినదే ఆస్పత్రి. దానికి ధనము కావలెను. ఆమె స్వదేశమునకు పోయి అచటి స్త్రీల సంఘములకు ఇచటి తల్లుల స్థితి విన్నవించెను. చిన్నచిన్న విరాళములు కూడెను. గుంటూరులో సుమారు 18 ఎకరముల స్థలము సమకూరెను. 1893లో మందులశాల తెరువబడెను. 1897 జూను 23వ తేదీన 50 మంచముల ఆస్పత్రి ప్రారంభమయ్యెను. ఆమె గుంటూరులో కాలు మోపిన నాటినుండి లెక్కించినచో ఆ దినమునకు దాదాపు పదునాలుగు సంవత్సరములు గడచినవి.

తరువాత ఆ ఆవరణముననే కానుపుల విభాగమును, పిల్లల విభాగమును, శస్త్రచికిత్సాలయమును ఒకటొకటిగ వెలసెను. దూరపల్లెలవారికొఱకు రెంటచింతలలో వైద్యశాల ఏర్పడెను. డాక్టరు లిడియా వోర్నరు సహవైద్యురాలిగా వచ్చెను. కాథరిన్ ఫాస్ అను దాది వచ్చి, తెలుగు బాలికలకు రోగుల సేవ నేర్పెను. ఈ చివరి సంగతి చిన్నదిగ తోచును గాని, గొప్పది. వైద్యురాలు ఒక్కతె, గ్రామములు వేలు. ఆమె కన్ను చూడలేని చోట మరియొక కన్ను చూడవలెను. బిడ్డ తల దిగుచున్నదో లేదో గుర్తించుట, చేతులు కడుగుకొనుట, తొందరపడి ముక్కింపకుండుట, మూత్రాశయము నిండియుండ నీయకుండుట, చిక్కు కనబడగనే పెద్ద ఆస్పత్రికి పంపుట, ఇవి నేర్చిన దాది ఒక ఊరనున్నచో ఆ ఊరి తల్లులకు సగము ఆపద తప్పును.

ఆస్పత్రి వెలసినను, రోగులు వచ్చుటకు ఆచారము అడ్డుపడుచునే యుండెను. రోగితో వచ్చిన బంధువులు ఎచట వండుకొందురు, ఎవరి చేతినీళ్లు త్రాగుదురు అను ప్రశ్న పుట్టెను. దీనికి పరిష్కారము చూపినవారు ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దరువారు. విద్వాంసులు, కవులు, సాహిత్యపోషకులు. వారి పత్నికి వ్యాధి కలిగినప్పుడు డాక్టరు కుగ్లర్ చికిత్స చేసి స్వస్థపరచెను. తరువాత వారికి పుత్రసంతానము కలిగెను. ఆ కృతజ్ఞతచే రాజావారు ఆస్పత్రి కెదురుగ హిందూకుటుంబములు బస చేయుటకు సత్రము కట్టించిరి. ఎవరి ఆచారమును విడువనక్కరలేక, ఎవరి వంట వారు చేసికొనుచు, రోగిని కనిపెట్టియుండుటకు వీలు కలిగెను. ఒక సత్రము అనేక ఉపన్యాసములు చేయలేని పని చేసెను. ఆచారమును తిట్టి మార్చుట కష్టము; ఆచారమునకు చోటు చూపి ప్రాణము నిలుపుట సులభము. పరమతమునకు చెందిన వైద్యురాలును, స్వధర్మమున నిష్ఠగల జమీందారును తల్లి క్షేమము నెదుట ఏకమైన తీరు స్మరింపదగినది.

ఆమె తన మతమును చాటుటకే వచ్చినదని ఆక్షేపించినవారును లేకపోలేదు. ఆమె దానిని దాచలేదు; అది ఆమె విశ్వాసము. అయినను నొప్పులు పడుచున్న తల్లి గుమ్మము ముందు ఆమె వైద్యురాలిగనే నిలిచెను. ప్రభుత్వము 1905లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకమిచ్చి గౌరవించెను.

ఆమె ఒంటరిగ గెలువలేని పోరాటమొకటి కలదు. అది బాల్యవివాహము. ఆస్పత్రి గాయమును మాన్పవచ్చును, ఆపవచ్చును. ఎముక ఎదుగని పిల్లను తల్లిని చేయు ఆచారమును ఆపవలసినది సంఘమే. 1891లో వచ్చిన చట్టము సంసారమునకు బాలిక వయస్సు పండ్రెండు సంవత్సరములుండవలెనని మాత్రమే చెప్పెను. దానికే దేశమున పెద్ద కలకలము చెలరేగెను. 1929లో శారదా చట్టము బాలికకు వివాహపు వయస్సును పదునాలుగుగ నిర్ణయించి, 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. నాలుగు నెలలు తిరుగక మునుపే, జూలై 26వ తేదీన, డెబ్బదినాలుగవ యేట, డాక్టరు కుగ్లర్ గుంటూరులో తనువు చాలించెను. ఆమె స్థాపించిన ఆస్పత్రికి ఆమె పేరే పెట్టబడెను. కుగ్లర్ ఆస్పత్రి యన్న మాట గుంటూరుసీమలో తెలియనివారు అరుదు.

1978లో ఆ వయస్సు పదునెనిమిదికి పెరిగెను. ఇప్పుడు ఆంధ్రదేశమున కానుపులు దాదాపు అన్నియు ఆస్పత్రులలోనే జరుగుచున్నవి. 2005 నుండి 108 సంఖ్యకు కబురు చేసినచో బండి ఇంటి ముంగిటకు వచ్చుచున్నది. మూడు దినములు నొప్పులు పడి గాయపడు తల్లులు ఈ నేలపై అరుదైరి. కాని ఆఫ్రికా దేశములలోను, దక్షిణాసియాలోని బీదపల్లెలలోను ఆ గాయము నేటికిని మాయలేదు. అందుకే ఐక్యరాజ్యసమితి 2013 నుండి ప్రతిసంవత్సరము మే 23వ తేదీని ఈ వ్యాధి నిర్మూలనకై కేటాయించినది. శస్త్రచికిత్సతో ఈ రంధ్రమును మూయు విద్యకు గూడ ఒక దుఃఖచరిత్ర కలదు. అమెరికాలో సిమ్స్ అను వైద్యుడు 1840 దశకమున బానిసస్త్రీలమీద, మత్తుమందైనను ఇయ్యక, మాటిమాటికి కోసి కుట్టి దానిని సాధించెను. అనార్కా, లూసీ, బెట్సీ అను ముగ్గురి పేర్లు మాత్రమే లోకమునకు దక్కినవి. ఆ విద్యచే నేడు బాగుపడు ప్రతి తల్లియు ఆ బానిసస్త్రీలకు ఋణపడియున్నది.

మాన్పుటకంటె రాకుండ చూచుట మేలు. దానికి కావలసినవి ప్రతి గృహస్థునకును అందుబాటులో నున్నవే. ఆడుపిల్లకు చిన్ననాటినుండి కడుపునిండ తిండియు, ఎండ తగులు ఆటయు కావలెను. పదునెనిమిది నిండక పెండ్లి కారాదు. కడుపుతోనున్నప్పుడు మాసమాసము పరీక్ష చేయించుకొనవలెను. నొప్పులు మొదలుకాగానే ఆస్పత్రికి చేరవలెను; చూతము, రేపు చూతమని తెల్లవార్చరాదు. నొప్పులు మిక్కిలి సాగిన కానుపు తరువాత సుమారు రెండు వారములు మూత్రాశయమున గొట్టము నుంచి దానికి విశ్రాంతి నిచ్చినచో, పడనున్న రంధ్రమును చాలవరకు తప్పింపవచ్చునని నేటి వైద్యులు చెప్పుదురు. కానుపు పిదప మూత్రము కారుచున్నచో సిగ్గుపడి దాచరాదు. దానికి చికిత్స కలదు.

ఒక గ్రామ గ్రంథాలయమున రాజుల చరిత్రలు, వీరుల గాథలు ఎన్నియో యుండును. రణరంగమున నెత్తురు చిందించినవారిని లోకము కీర్తించును. ఇంటి వెనుక చీకటిగదిలో, ఎవరికిని కనబడకుండ, బిడ్డకొఱకు ప్రాణమొడ్డిన తల్లుల చరిత్ర మాత్రము ఏ పుస్తకమునకును ఎక్కలేదు. ఆ గది తలుపు తట్టి, దీపము తీసికొని లోనికి నడచినవారిలో డాక్టరు అన్నా కుగ్లర్ ముఖ్యురాలు. ఆమె కట్టించిన గోడలకంటె ఆమె తగ్గించిన దూరము గొప్పది. మిగిలిన దూరమును తగ్గించుట ప్రతి ఊరివారి చేతిలోను, ప్రతి ఇంటివారి చేతిలోను ఉన్నది.